పెళ్లి ఆల్బంలో బీడు

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఇందులో ప్రతి మాటా నిజమని నా రెండు కళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. నన్నెరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనీండి.

మా మేనమామకు మదనపల్లెలో ఫొటో స్టూడియో ఉండేది. కుప్పం దాకా పెండ్లిళ్లకు ఆయనే పోయేవాడు. ముహూర్తాలు లేని నెలల్లో మాత్రం స్కూటరెక్కి పుంగనూరు అవతల ఒక పెద్ద బీడుకు పోయి, మనిషన్నవాడు లేకుండా ఉత్త గడ్డిని ఫొటోలు తీసేవాడు. అలాంటి గడ్డి మళ్లీ నేను చూడలేదు. గాలికి పుంగనూరు కాడ తల వంచితే కుప్పం కాడ లేచేది.

ఆ ఫొటోలన్నీ కలిపి పుస్తకం చేయాలని మామ కోరిక. అచ్చేసేవాళ్లు దొరకలేదు. చివరికి ఎవరిదో పెళ్లి ఆగిపోయి స్టూడియోలో మిగిలిన ఆల్బంలోనే అంటించడం మొదలుపెట్టాడు. అట్ట మీద బంగారు అక్షరాల్లో 'శుభ వివాహం' అని ఉంటుంది. తెరిస్తే ఎండాకాలపు గడ్డి, వానాకాలపు గడ్డి, మంచులో గడ్డి. మా అమ్మ పేజీలన్నీ తిప్పి, పెండ్లికూతురు యాడరా అని ఎగతాళి చేసేది.

"ఇంకా రాలేదక్కా, గాలి రావాల," అనేవాడు మామ. బీడంతా ఒక్క అలలా వంగే ఫొటో కోసం ఆఖరి పేజీ ఖాళీగా ఉంచాడు.

ఇంతలో ఆ నేల టమాటా సాగుకు పోయింది. ట్రాక్టరు దిగే ముందురోజు మామ తెల్లారకుండానే బయలుదేరాడు. నేనూ వస్తానని స్కూటరుకు అడ్డం నిలబడ్డాను.

సాయంత్రం దాకా గడ్డిపోచ కదల్లేదు. తెచ్చిన రీళ్లన్నీ అయిపోయి, గాలి కోసం దాచిన ఒక్క ఫొటో మిగిలింది. ఒక్కటి నొక్కుతానని నేను పొద్దుట్నుంచీ ప్రాణం తీస్తున్నాను. ఇక గాలి రాదనుకున్నాడేమో, కెమెరా నా మెడలో వేసి, అన్నీ సరిచేసి, గడ్డి వంగితే నొక్కమన్నాడు. తను చెప్పులు విప్పి, ఆఖరుసారి నడిచొస్తానని గడ్డిలోకి దిగాడు.

అప్పుడొచ్చింది గాలి. పడుకున్న గొర్రెల మందంతా ఒక్కసారిగా లేచినట్టు. నేను కెమెరాను అలవైపు పెట్టలేదు. మామ వైపు తిప్పి నొక్కాను. ఆ గడ్డికంటే నాకు ఆయనే ఎక్కువని.

కడిగి చూస్తే ఫొటోలో అల లేదు. నడుములోతు గడ్డిలో, చొక్కా ఎగురుతూ, మొహం పక్కకు తిప్పి మామ ఉన్నాడు. ఆయన ఇన్నేళ్లు కాచుకున్నదాన్ని పోగొట్టానని నేను బల్ల కింద దూరాను. మామ వంగి ఆ ఫొటో నా ముందు పెట్టాడు.

"గడ్డి ఎట్లుండేదో అన్ని పేజీల్లోనూ ఉండాదప్పా. దాన్ని సూసినోడు ఒకడు ఉండాడని దీంట్లోనే ఉండాది."

ఆఖరి పేజీలో దాన్నే అంటించాడు.

బీడు పోయింది. కొన్నేళ్లకు స్టూడియో పోయింది, ఆ తర్వాత మామ. ఆల్బం నా దగ్గరుంది. ఎప్పుడు తీసినా వెనకనుంచే తెరుస్తాను.

కళ్ల మీద ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. కుప్పం కాడ లేచిన గడ్డి నిజమే, ఆ మాట మార్చను. అబద్ధమల్లా ఒక్కటే. నేను కెమెరాను మామ వైపు తిప్పలేదు. గాలి హోరుకు జడిసి, కళ్లు గట్టిగా మూసుకుని ఎటో నొక్కాను. ఆయనకు చెప్పనేలేదు. ఫొటోలో మామ చూపు అంచు దాటి అవతలికి పోతుంది. ఆ అలను చూస్తున్నాడు. పక్కనే ఉండి కూడా నేను చూడలేదు. ఇప్పటికీ ఎక్కడ గాలి లేచినా, చేస్తున్న పని ఆపి కళ్లు తెరుచుకుని నిలబడతాను. ఆ రోజు ఒక్క రెప్పపాటు చూసి ఉంటే, ఆ గాలిని ఇన్నేళ్లుగా ఇన్ని రకాలుగా చెప్పుకునే పనే ఉండేది కాదు.