లింగరాజు గారి కోపం

నిన్న బరంపురంలో ఆటో దిగగానే ఘాటైన థిన్నర్ వాసన ముక్కుకు కొట్టింది. పక్క షెడ్డులో ఒకతను కారు తలుపుకు రంగు కొడుతున్నాడు. అతని ముక్కుకు చేతిరుమాలు, అంతే. ఆ వాసన నాకు కొత్త కాదు, విమానాలకు రంగు వేయించడమే నా ఉద్యోగం. అయినా ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు, అతన్ని అలా నిలబెట్టిన యజమాని మీద. లోపలికి వెళ్ళి ఆ యజమానిని పిలిచి అడగవలసిన నాలుగు మాటలూ అడిగాకే అక్కడి నుంచి కదిలాను. ఈ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. లింగరాజు గారి దగ్గర నేర్చుకున్నాను.

ఆయనది దిగపహండి. వైమానిక దళంలో విమానాల రంగుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, బరంపురం బయట పైలట్ శిక్షణ ఇచ్చే ఒక సంస్థలో పెయింట్ షాపు ఇన్‌చార్జిగా చేరారు. ఐటీఐ పూర్తిచేసి నేను చేరింది ఆయన కిందే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా నాన్న బడిపంతులు. మా ఇంట్లో గొంతెత్తడమంటే మర్యాద తప్పడమే. లింగరాజు గారి అరుపులకు మొదట్లో నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి.

ఒకరోజు రెక్క కడిగించి దాని మీద నీళ్ళు పోయమన్నారు. నీరు పలచటి పొరలా పరుచుకుంటే లోహం శుభ్రపడినట్టు, చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు. ఒక మూల విడిపోయింది. గబుక్కున ఒట్టి చేత్తో తుడవబోయాను.

“ఓలమ్మా, సెయ్యి తీ! నీ సేతి సెమట సాలు, రంగు కింద తుప్పు పట్టడానికి. అసలే సముద్రపు గాలి. పైకి నిగనిగలాడతాది, లోపల తినేస్తాది. అప్పుడు ఎగిరేటోడి గతేటి?”

లోహం గురించి అంత పట్టుదల ఉన్న మనిషికి, దాని ముందు నిలబడేవాళ్ళ గురించి అంతకు రెట్టింపు ఉండేది. తుప్పును ఆపే పసుపుపచ్చ ప్రైమరు ఊపిరితిత్తులకు విషం. పై రంగు గట్టిపడటానికి కలిపే ద్రవం ఇంకా దొంగది, హాని చేసే మోతాదులో ఉన్నా ఒక్కోసారి వాసనే తెలియదు. అందుకే బయటి నుంచి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే మాస్కు లేకుండా ఆయన ఎవరినీ గదిలోకి పోనిచ్చేవారు కాదు. “వాసనేమీ రావట్లేదు సార్” అని నేనొకసారి అంటే, “రాకపోతే మరీ బయం. దొంగోడు సెప్పి ఒస్తాడేటి?” అని కసిరారు.

ఒక వేసవిలో ఆ మాస్కులకు గాలి అందించే పంపు చెడిపోయింది. సోమవారం ఎవరో పెద్దలు వస్తున్నారని, ఈలోగా విమానం కొత్త రంగుతో మెరవాలని మేనేజరు పట్టుబట్టాడు.

“ఒక్క పూట పని, లింగరాజు గారూ. ఏదో ఒకటి కట్టుకుని కానిచ్చేయండి.”

“నానొప్పుకోను బాబూ.”

“మరీ అంత భయమైతే ఎలా?”

“బయమే. బయపడబట్టే మావోళ్ళందరినీ ఇన్నాళ్ళూ సుబ్బరంగా ఇంటికి పంపించినాను. ఒచ్చినోళ్ళకి పాత రంగే సూపించండి, ఏటవుద్ది?”

మేనేజరు నవ్వి వెళ్ళిపోయాడు. ఆదివారం మాకు సెలవు. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా బయటి కూలీలను పిలిపించాడు. వాళ్ళలో దండాసి ఒకడు. గంజాంలో సముద్రం మీద వేటకు పోయే మనిషి. వేట నిషేధం రోజుల్లో గోడలకు రంగులు వేస్తుంటాడు. తువ్వాలు కట్టుకుని, తలుపులు మూసిన గదిలో రంగు కొట్టాడు. సాయంత్రానికి ఊపిరాడక కూలిపోయాడు. కాపలాదారు ఫోన్ చేస్తే లింగరాజు గారే పరుగున వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో నిలబడి ఫోన్‌లో మేనేజరును తిడుతున్నారు. గొంతు తగ్గించమని నర్సు మందలించింది. “తగ్గించలేనమ్మా” అన్నారు. “ఊపిరాడనోడు అరవలేడు గదా. ఆడి బదులు నాను అరవాల.”

ఆ మాట విన్నాక ఆయన అరుపులకు నేను మళ్ళీ ఏడవలేదు.

మాస్కు ఇచ్చినా దండాసే పెట్టుకోలేదని విచారణలో మమ్మల్ని చెప్పమన్నారు సంస్థవాళ్ళు. లింగరాజు గారు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరినీ పనిలోంచి తీసేశారు. మేనేజరుకు మాత్రం ప్రమోషన్ వచ్చింది. దండాసి బతికాడు గానీ మళ్ళీ పడవ ఎక్కలేకపోయాడు. ఇంటి ముందు కూర్చుని వలలు బాగుచేస్తాడు. పరిహారం కోసం దండాసి వేసిన కేసు ఛత్రపూర్‌లో కార్మిక అధికారి ముందు నడుస్తోంది. ప్రతి వాయిదాకూ లింగరాజు గారు బస్సెక్కి వచ్చి, దండాసి పక్కనే కూర్చునేవారు.

పోయిన చలికాలంలో ఆయన గుండె ఆగి పోయారు. కర్మకాండ రోజున మేనేజరు పెద్ద దండ పట్టుకుని వచ్చాడు. “ఎంత శాంతమూర్తి! మా సంస్థకు పెద్దదిక్కు” అన్నాడు. లింగరాజు గారి భార్య నరసమ్మ గారు అతన్ని ఫొటో దాకా రానివ్వలేదు.

“శాంతమూర్తా? మీరెవరింటికో ఒచ్చినట్టున్నారు. దండాసి ఇల్లు గంజాంలో ఉంది. ముందు ఎల్లి ఆడి ముకం సూడండి.”

అతను దండ కుర్చీలో వదిలేసి బయటికి నడిచాడు. నేను దాన్ని తీసుకుపోయి అతని కారు సీటులో పడేసి వచ్చాను.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో పెయింట్ షాపు ఇన్‌చార్జిని. నోరు పెద్దదని నాకు పేరు. గాలి గొట్టంలో ఏ కాస్త తేడా వచ్చినా పని ఆపేస్తాను, ఎవరు ఫోన్ చేసినా మొదలుపెట్టను. చల్లారిపొమ్మని స్నేహితులు చెబుతుంటారు. చల్లారితే ఆయన నాకిచ్చింది ఏం మిగులుతుంది?

ఈ ఉదయం ఛత్రపూర్‌లో, లింగరాజు గారు కూర్చునే చోట దండాసి పక్కన నేను కూర్చున్నాను. సంస్థ వకీలు నవ్వుతూ మరో వాయిదా అడిగాడు. నేను లేచాను. ఏమన్నానో వరసగా గుర్తులేదు. గది బయటివాళ్ళు కూడా తొంగిచూశారు. అధికారి కాసేపు ఆలోచించి, వాయిదా లేదు, దండాసి చెప్పేది ఇవాళే వింటానన్నారు.

దండాసి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. రెండేసి మాటలకు ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, తన సంగతి మొత్తం తానే చెప్పుకున్నాడు. వకీలు ఒకసారి అడ్డు రాబోతే అధికారి చెయ్యెత్తి ఆపారు. చివరిదాకా నేను నోరు మెదపలేదు.