ఎడమవైపు అద్దం

హోసూరులో నా బస్సు తప్పిపోయిన రోజు, కృష్ణగిరి వైపు పోతున్న ఒక పెద్దాయన తన పాత కారులో నన్ను ఎక్కించుకున్నాడు. పేరు అడగలేదు. ఉక్కగా ఉందని కూర్చోగానే స్విచ్ నొక్కి నా పక్క అద్దం దించేశాను. ఆయన ఒకసారి అటు చూశాడు.

గురుబరపల్లి దగ్గర వాన పట్టుకుంది. ఎంత నొక్కినా అద్దం సగానికి మించి పైకి రాలేదు. ఆయన కారు పక్కకు ఆపాడు.

"రెండు అరచేతులూ అద్దానికి ఆనించి పైకి తొయ్యప్పా. నేను ఈడ స్విచ్ నొక్కతాను."

మూలుగుతూ ఎక్కింది.

"మోటారు పోయిందా?" అన్నాను.

"మోటారు బాగుంది. అద్దం జారే రబ్బరు ఎండిపోయింది. తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే సరి. బాగలూరులో నాది మెకానిక్ షెడ్డే. ఊరందరి కార్లకూ చేసినాను."

"మరి మీ కారుకు?"

"మా ఇంటామె తోసేది. తిట్టుకుంటానే తోసేది. ఆదివారం చేస్తాలే అంటా వచ్చినాను." వైపర్ల వేగం పెంచి కారు మళ్ళీ కదిలించాడు. "ఆమె పోయి ఏడాదాయ. ఆపొద్దు నుంచీ ఆ అద్దం దించలేదప్పా."

కృష్ణగిరిలో దిగబోతూ చూస్తే, అద్దం మీద నా రెండు అరచేతుల మరకలు. తుడుద్దామని జేబురుమాలు తీశాను.

"ఉండనీప్పా," అన్నాడు.