వంకాయ మీద నింద

దద్దుర్లకిచ్చిన మాత్ర వేసుకుంటే మధ్యాహ్నాలు నీళ్ల మీద తేలుతున్నట్టుంటుంది. వసారాలో మంచం మీద వాలితే కొబ్బరాకుల నీడ ఒంటి మీద అటూ ఇటూ జరుగుతుంది. ఇంటి వెనక మా రొయ్యల చెరువులో ఫ్యాన్లు నీళ్లు చిలుకుతుంటాయి. ఆ చప్పుడులో నిద్రో మెలకువో తెలియదు. మోచేతులు మాత్రం దురద పెడుతూనే ఉంటాయి.

ఏది పడటం లేదో కనిపెట్టడానికి అమలాపురం డాక్టరుగారు తేలిక దారే చెప్పారు. అనుమానమున్నవన్నీ ఒకేసారి మానేసి, తగ్గాక ఒక్కొక్కటే తిని చూడమన్నారు. పెళ్లికి ముందు మలికిపురంలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఆ పద్ధతి తెలియక కాదు. అయినా ఇంటికొచ్చి వంకాయ మానేశాను. తగ్గలేదు. గోంగూర మానేశాను, సబ్బు మార్చాను, చీరలకు గంజి పెట్టడం ఆపేశాను. చివరికి మళ్లీ వంకాయ మీదే నింద వేశాను.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంట!" అని మా అత్తగారు నవ్వారు.

రొయ్యల జోలికి మాత్రం వెళ్లలేదు. మా ఆయన మాటకారి కాదు. ప్రతి ఆదివారం చెరువులో వల విసిరి, రొయ్యలు ఎంత ఎదిగాయో చూసుకుని, బాగున్నవి ఏరి, తనే ఒలిచి కడిగి, గిన్నెతో నా చేతికిస్తారు. పెళ్లైన దగ్గర్నుంచీ నాతో చెప్పాలనుకున్నదంతా ఆ గిన్నెలోనే పెట్టి ఇచ్చారాయన. సరిగ్గా వెతికితే జవాబు దొరికిపోతుందని నా భయం. అందుకే అది లేదని తెలిసిన చోటే వెతుకుతూ, మాత్ర మత్తులో తేలుతూ రోజులు గడిపేశాను.

ఈమధ్య ఒక ఆదివారం ఆయన ఒట్టి చేతులతో వచ్చారు.

"రొయ్యలేవండీ?" అన్నాను.

"కొన్నాళ్లు తేనులే" అన్నారు, నా మోచేతుల వైపు చూస్తూ.

వారం తిరిగేసరికి దద్దుర్లు మాయమయ్యాయి. మాత్ర కూడా మానేశాను. భోజనాల దగ్గర ఆయనే అడిగారు.

"తగ్గిందా?"

"ఆయ్, తగ్గిందండి. వంకాయ మానేసేను కదా."

"అదే అయ్యుంటుంది" అన్నారు, పప్పన్నం కలుపుకుంటూ. రొయ్య లేందే ముద్ద దిగని మనిషి. నాకు కన్నీళ్లాగలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి, వెళ్లిపోకుండా గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డారు.

"మరి ఇకనించి నీకేం తెమ్మంటావు?" అన్నారు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.