మా పెద్దపిల్ల మెడ

మొన్న మా మనవరాలు తన మూడు నెలల బిడ్డను కరీంనగర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నేనూ వెంట బయల్దేరాను. బిడ్డ మెడ కొంచెం ఒక పక్కకు వాలుతోందట. అక్కడ కండరాలకు వ్యాయామం చేయించే ఒక కుర్రాడు బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, ఒక చేయి భుజం మీద ఆనించి, రెండో చేత్తో తలను మెల్లగా, చాలా మెల్లగా అవతలి వైపుకు తిప్పాడు. నేను అతని చేతుల మీది నుంచి కన్ను తిప్పలేదు. "అవ్వా, పోలీసోళ్ల లెక్క చూస్తున్నవేంది?" అని నవ్వాడు. నా చూపే అంత నాయనా అన్నాను. పాలవాడు పాలు పోస్తుంటే చెంబులోకి, చుట్టాలు నన్ను పొగుడుతుంటే వాళ్ల ముఖాల్లోకి తొంగి చూడకపోతే నాకు తోచదు. ఆ చూపుతోనే డెబ్బయ్యో పడి దాటేశాను. కానీ ఆ కుర్రాడు చేసే పని మాత్రం నాకు కొత్త కాదు.

మా పెద్దపిల్ల పుట్టినప్పుడు మేము గోదావరిఖనిలో బొగ్గుబాయి క్వార్టర్లో ఉండేవాళ్లం. మా ఆయన బాయిలో దిగి బొగ్గు తవ్వేవాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడని కిటికీకి గోనెపట్టా కట్టేవాళ్లం. ఇంట్లో వెలుగంటే తలుపులోంచి వచ్చేదే. మా ఎదురు క్వార్టర్లో ఒక అక్క ఉండేది. కంపెనీ దవాఖానలో ఆయా పని. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు పోయేది. పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేరు. ఒకరోజు నల్లా దగ్గర బిందె పెడుతూ, "చెల్లె, నీ బిడ్డ ఒక్క దిక్కే చూస్తది, చూసుకున్నవా?" అంది. వెలుగు అటుంది కాబట్టి అటు చూస్తుందని ముక్కు మీద గుద్దినట్టు చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి బిడ్డను వెలుగులో పెట్టి చూసుకున్నాను. నిజమే, బిడ్డ తల కుడి భుజం వైపు వాలి ఉంది. మెల్లగా ఇటు తిప్పబోతే గుక్కపట్టి ఏడ్చింది. తల్లినైన నేను కనిపెట్టనిది ఆమె ఎట్లా కనిపెట్టింది? నా బిడ్డను అంతగా ఎందుకు చూస్తోంది? నా అనుమానం బిడ్డ మెడను వదిలేసి ఆమె కళ్ల మీదికి పోయింది. అత్తమ్మ దానికి ఆజ్యం పోసింది. "పిల్లలు లేనోళ్ల సూపు. బిడ్డను బయట పెట్టకు" అని ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేసింది.

ఉప్పు చిటపటలాడింది గాని మెడ కదల్లేదు. వారం తర్వాత అత్తమ్మకు ఇంకో ఉపాయం తోచింది. బాయిలో వంగి వంగి పని చేసే మగవాళ్లకు మెడలు పట్టేసేవి. షిఫ్టు దిగి తిన్నగా కటింగ్ షాపుకు పోయేవారు. ఆ షాపాయన గడ్డం కింద ఒక చేయి, తల వెనక ఒక చేయి పెట్టి ఒక్క విదుపు విదిపితే టప్పుమనేది, మనిషి నవ్వుకుంటూ లేచేవాడు. మా ఆయన మెడ కూడా అట్లాగే బాగయింది. "గంత గంత మొగోళ్ల మెడలే సక్కగ జేస్తున్నడు, గీ పిట్టంత మెడ ఆయనకెంత?" అంది అత్తమ్మ. మాకు అది ఎంతో తెలివైన మాటగా తోచింది.

బిడ్డను గుడ్డలో చుట్టుకుని నేను గడప దిగుతుంటే ఎదురింటి అక్క పరుగెత్తుకొచ్చింది. తలుపులు ఎదురెదురు, మా మాటలు విన్నది. "గట్ల చెయ్యకు చెల్లె, నీ కాళ్లు మొక్కుత. పసిగుడ్డు మెడ విదిపేది గాదు. దవాఖానకు తీస్కరా, డాక్టరమ్మ చూస్తది." పరాయి బిడ్డ కోసం కాళ్లు మొక్కాల్సిన అవసరం ఈమెకేమొచ్చింది అనుకున్నాను. దవాఖానలో బిడ్డను ఏంచేస్తుందోనని కూడా అనుకున్నాను. ఆమెను పక్కకు జరిపి షాపుకే పోయాను.

షాపాయన బిడ్డను చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను రాళ్లసొంటి మెడలు పట్టెటోన్ని. దీన్ని ముట్టుకుంటే ఏమన్న అయితది. జల్ది దవాఖానకు పో చెల్లె" అన్నాడు. అటునుంచి అటే దవాఖానకు పరుగెత్తాను. ఆయన కాదనకపోతే నేను బిడ్డను ఆయన చేతిలో పెట్టేదాన్నే.

డాక్టరమ్మ చూసి ఎముక బాగానే ఉంది, మెడలో కండ బిగుసుకుపోయిందంది. రోజూ మెల్లగా సాగదీయాలని చూపించి, ఇంటి దగ్గర నేర్పే పని ఎదురింటి అక్కకే అప్పగించింది. అక్క రోజూ డ్యూటీ దిగి వచ్చి నా పక్కన కూర్చునేది. తువ్వాలును బిడ్డలాగా చుట్టి దాని మీద చూపేది, తర్వాత నేను బిడ్డకు చేయాలి. "భుజం కదలనియ్యకు. ఏడిస్తే ఆపు, బలవంతం చెయ్యొద్దు" అనేది. ఆమె పెదవులు కదులుతుంటే ఏం మంత్రమో అని ఒకరోజు నిలదీశాను. "లెక్క పెడుతున్న చెల్లె, పది దాక" అంది. ఉయ్యాల తొట్టెలో బిడ్డ తల పెట్టే దిక్కు మార్పించింది. వెలుగు కోసం బిడ్డ తనంతట తానే ఇటు తిరగసాగింది. నువ్వే చేయొచ్చుగా, నాకు భయం అన్నాను ఒకసారి. ఆమె తువ్వాలు మడతపెడుతూ, "నా చెయ్యి మీద నీకు నమ్మకం లేదని నాకెర్కనే. అందుకే నీ చేతులతోని చేయిస్తున్న" అంది. నేను మళ్లీ బిడ్డ భుజం మీద చెయ్యి ఆనించాను.

నాలుగు నెలలకు బిడ్డ మెడ నిటారుగా నిలబడింది. ఆ తర్వాత కొన్నాళ్లకే వాళ్లాయనకు శ్రీరాంపూర్ బాయికి బదిలీ అయింది. సామాను బండికెక్కించి, చెప్పిపోదామని ఆమె మా గడప దగ్గరికి వచ్చింది. నా చంకలో ఉన్న బిడ్డ ఆమెను చూసి రెండు చేతులూ చాపింది. నేను, ఏం పుట్టిందో నాకు, బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాను. జలుబు చేసిందక్కా అన్నాను. చేయలేదు. ఆమెకూ తెలుసు. "సరే చెల్లె. రెండు దిక్కుల చూస్తున్నది, గంతే చాలు" అని బండి వైపు నడిచింది.

ఆ చంక మార్చడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. యాభై ఏళ్లు దాటినా ఆ క్షణం నాకు గడవలేదు. ఇప్పుడు బిడ్డను ఆమె చేతుల్లో పెడదామన్నా ఆమె ఎక్కడుందో, అసలుందో లేదో తెలియదు, మా బిడ్డా చేతుల్లో పెట్టే వయసు దాటి ఎన్నడో పెద్దదైపోయింది.