కేస్ షీట్‌లో గృహిణి

1996 మార్చిలో బెంగళూరులోని ఒక ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో నన్ను అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా వేశారు. బొల్లి మచ్చలవాళ్ళను మంగళవారం చూసేవాళ్ళం. హౌస్ సర్జన్ ముందుగా కేస్ షీట్‌లో పేరు, వయసు, వృత్తి రాస్తాడు. నేను పరీక్షించి, మందు రాసి సంతకం పెడతాను. నా పైన యూనిట్ చీఫ్.

అప్పట్లో బొల్లికి మేమిచ్చే మాత్ర ఎండ తగిలితేనే పనిచేస్తుంది. వేసుకున్న రెండు గంటలకు మచ్చను ఐదు నిమిషాలు ఎండకు చూపాలి. ఆ కాస్త ఎండకే రంగునిచ్చే కణాలు మేలుకుంటాయి. ఎక్కువైతే అదే మందు కణాల లోపలి జన్యుపదార్థాన్ని దెబ్బతీసి చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే మిగతా రోజంతా నీడపట్టున ఉండాలి.

ఓబుళమ్మది కదిరి వైపు. రెండు ముంజేతుల మీదా మచ్చలు. షీట్‌లో వృత్తి దగ్గర ‘గృహిణి’ అని ఉంది. మాత్ర రాసి, ఐదు నిమిషాల ఎండ సంగతి తెలుగులోనే చెప్పాను. ఇంట్లో ఉండే మనిషే కదా అని, నీడ సంగతి చీటీ వెనక అచ్చువేసిన కన్నడ సూచనలకు వదిలేశాను. ఆమెకు చదువు రాదు.

నాలుగో రోజున చేతుల నిండా నీటిబొబ్బలతో వచ్చింది.

‘‘ఎండలో నిలబడమంటిరి గదా సార్. వర్తూరు కాడ బిల్డింగుకు ఇటుకలు మోస్తాండా. పొద్దన్నించీ ఎండలోనే ఉండాను, ఇంకేడ నిలబడేది? చేతులు మానకపోతే మేస్త్రీ ఇంకొకర్ని పెట్టుకుంటాడు’’ అంది.

చీఫ్ చూసి, రోగి సూచనలు పాటించలేదని షీట్‌లో రాశారు. వీళ్ళకు ఎంత చెప్పినా ఇంతే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హౌస్ సర్జన్‌ను నిలదీస్తే, ఆడవాళ్ళయితే అడగం సార్, అలాగే రాసేస్తాం అన్నాడు తాపీగా. పాత షీట్ల కట్ట తెప్పించి చూశాను. ఆడవాళ్ళందరూ గృహిణులే! మా ఆసుపత్రి ముందు పేవ్‌మెంట్ మీద పూలమ్మే మనిషీ గృహిణే. ప్రతి షీట్ కిందా నా సంతకం. అన్నిటికన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

చీఫ్ రాసిన వాక్యం కింద నేను రాశాను: ‘రోగి చెప్పింది చెప్పినట్టే చేసింది. ఏం పని చేస్తావని అడగకపోవడం మా తప్పు.’ ఆ కాగితం మార్చి కొత్తది పెట్టమన్నారు. పెట్టనన్నాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె.

ఓబుళమ్మ చేతులు మానడానికి నెల పట్టింది. ఆలోగా మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఆమెకు జరిగిన ఆ నష్టాన్ని ఏ షీట్‌లోనూ ఎవరమూ రాయలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా వృత్తి గడిని నేనే నింపాను. ఆ మాత్ర రాసేముందు ఇంకో ప్రశ్న కూడా అడిగేవాణ్ణి: మధ్యాహ్నం నీకు నీడ ఎక్కడ దొరుకుతుంది? జవాబు లేనివాళ్ళకు ఆ మాత్ర రాయలేదు.