అప్ప చెరపని పాట

నలభై ఏడో ఏట నేను అక్షరాలు దిద్దాను. తెలుగు అక్షరాలే. రాయపూర్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయికి హిందీ, ఇంగ్లీషు వచ్చు గాని తెలుగు చదవడం రాదు. అందుకని ఇద్దరం ఒకే పలక మీద మొదలుపెట్టాం. తను నాకంటే ముందే గుణింతాలు దాటిపోయింది. ఆ వయసులో అంత పట్టుదల ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఒక క్యాసెట్టు సంగతి చెప్పాలి.

మా వారు రైలు వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఫిట్టరు. ఆ కార్ఖానా పేరుతోనే ఉన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరు. పగటిపూట మగవాళ్లు డ్యూటీకి పోయాక మా వరసలో తెలుగు ఉత్తరం చదవగలిగింది ఎదురింటావిడ ఒక్కతే. మంచిదే, కాని చదివినది కడుపులో దాచుకునేది కాదు. ఒకసారి నా ఉత్తరంలోని ఇంటి గొడవ సాయంత్రానికి కుళాయి దగ్గర నాకే వినిపించింది. అప్పటినుంచి ఆవిడ గడప తొక్కలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఊరినుంచి ఒక కార్డు వచ్చింది. మా వారు ట్రైనింగుకని వేరే ఊరు వెళ్లారు. ఆయన వచ్చాక చదివించుకుందామని కార్డును బియ్యం డబ్బా కింద పెట్టాను. నాలుగో రోజు ఆయన వచ్చి, చదివి వినిపించారు. అమ్మకు బాగులేదు, వెంటనే రమ్మని మా అక్క రాయించిన కార్డది. అక్కను మేం అప్ప అంటాం.

మేం చేరేసరికి అంతా అయిపోయింది. మా అప్ప గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు ఎవులి కోసం వచ్చినావే?" అంది. కార్డు ఆలస్యంగా వచ్చిందని చెప్పాను. అబద్ధం. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. అక్కడినుంచి ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. ఊరు వెళితే నాకు అన్నం వడ్డించి పక్కకు వెళ్లిపోయేది. నిజం చెప్పాలని ఉండేది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు. వేరేవాళ్ల చేత రాయించి, అక్కడ వేరేవాళ్ల చేత చదివించే మాట కాదది.

మా అమ్మాయి కాలేజీలో చేరిన ఏడు తన స్నేహితురాలి అన్న బొంబాయినుంచి ఒక క్యాసెట్టు తెచ్చి ఇచ్చాడు. అట్ట మీద చీపురులా నిక్కిన జుట్టుతో ఒక తెల్ల పిల్ల. ఆమె పాటల్లో జనం మెచ్చినవన్నీ ఏరి కూర్చారట. మొదటి వైపు వయసులో ఉండగా పాడినవి. పంక్ అంటారట, అన్నీ అరుపులే. రెండో వైపు పేరొచ్చాక పాడినవి, మెత్తగా, అందరూ కూనిరాగం తీసేలా ఉంటాయి.

"ఎవరి మీదే ఆవిడకంత కోపం?" అన్నాను.

"సబ్ పే, అమ్మా. అందరి మీదా."

"రెండో వైపు ఎంత బాగా పాడుతోంది! బుద్ధొచ్చినట్టుంది."

"బుద్ధి కాదు, వయసొచ్చింది. నాకు మొదటి వైపే ఇష్టం."

ఆ రోజుల్లో మా కాలనీలో చదువు రానివాళ్లు కొందరు క్యాసెట్టులో మాటలు నింపి ఊరికి పంపేవారు. మా వారితో పనిచేసే ఒకాయన సెలవు మీద మా ఊరి వైపు వెళుతున్నాడని తెలిసింది. మా వారి పాత భజనల క్యాసెట్టు సాగిపోయి మూలపడి ఉంది. దాని మీద చెప్పుకోమన్నారు. దేవుడి బొమ్మ ఉన్న డబ్బా తీసి, అందులోని క్యాసెట్టు అంచున ఉన్న గుంటల్లో కాగితం ఉండలు కుక్కాను. అలా కుక్కితేగాని రికార్డు అవదని అమ్మాయిని చూసి నేర్చుకున్నాను. మధ్యాహ్నం వంటింటి తలుపు వేసుకుని, కార్డు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. నా గొంతు నేనే వినడానికి సిగ్గేసి, తిప్పి వినలేదు. సాయంత్రం ఊరెళ్లే ఆయన వచ్చి తీసుకుపోయాడు.

మర్నాడు అమ్మాయి తన డబ్బా తెరిస్తే అందులో భజనల క్యాసెట్టు ఉంది. విన్నవాటిని చేతికందిన డబ్బాలో పెట్టేసే అలవాటు తనది.

"అమ్మా, నాది పంపేశావా? పూరా మిటా దియా, మొత్తం చెరిపేశావు నువ్వు! దాని మీద పేరు రాసుంది కదమ్మా!"

రాసే ఉంది. చదవడం నాకు రాదు. తన మాట తనకే తగిలినట్టుంది, లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు మా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాట లేదు.

మూడు వారాలకు ఊరెళ్లినాయన తిరిగి వచ్చి క్యాసెట్టు మా వారి చేతికిచ్చాడు. అప్ప ఏమైనా అందా అని అడిగాను. "ఏం అనలేదు, ఇది పట్టుకెళ్లమంది" అన్నాడు. అమ్మాయే దాన్ని టేపురికార్డర్లో పెట్టింది. ముందు నా గొంతు. అది అయ్యేదాకా తను తలెత్తలేదు. ఆ కార్డు సంగతి తనకూ అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత టక్కుమని చప్పుడై అప్ప గొంతు వచ్చింది.

"ఏటే, నేనే. ఇందులోకి మాటాడమంటే ఎటు సూసి మాటాడాలో తెల్దు. మీట నొక్కడం నేర్పి పక్కింటి కోడలు బయటికి పోయింది. నువ్వు సెప్పిందంతా ఇన్నాను. కార్డు నాలుగు రోజులు నీ ఇంట్లోనే ఉందని నాకు తెల్దు. తెలిస్తే ఇంకా కోపమొచ్చీసేది. కాని నీకు సదువు రాదని నాకు తెలుసు గదా. టెలిగ్రాం ఇప్పించాల్సింది. టెలిగ్రామంటే సదవక్కర్లేదు, సూడగానే బయల్దేరీదానివి. కార్డు ముక్క రాయించి ఊరుకున్నాను. ఈ మాట నేనూ ఎవులికీ సెప్పలేదు."

నులక మంచం కిర్రుమన్న చప్పుడు, మళ్లీ అప్ప గొంతు.

"నీ మాటయిపోగానే ఎవులో ఆడమనిసి అరిసింది. జడుసుకున్నాను. ఒక్క ముక్కా తెల్దు గాని కోపం తెలిసింది. ఆరేళ్లుగా నీ మీద అలగే అరవాలని గొంతు దాకా వచ్చీది. అన్నం పెట్టి పక్కకి పోయీదాన్ని. ఇది పిల్లదే అయ్యుంటాది. పాడుసేసినావు, ముందు దానికి సెప్పుకో. ఎండలు తగ్గాక దాన్ని తీసుకుని రా. ఈ వైపు టేపు ఇంకా కొంచెం ఉందంట. ఆ అరుపు సెరపలేదు. అది నా వంతు. కూకుని ఇను."

టక్కుమంది. సగంలోంచి అరుపు అందుకుంది. చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అమ్మా. పెద్దమ్మ వినమంది."

కూర్చున్నాను. తనూ నా పక్కన కూర్చుంది. "నీకిష్టమైన వైపు పాటలు పోయాయే" అన్నాను. "ఒక్కటి మిగిలింది కదా" అంది. పాట అయిపోయి మీట పైకి లేచేదాకా ఇద్దరం కదలలేదు.

వానలు పడగానే ఊరు వెళ్లాం. అప్ప నాకు అన్నం వడ్డించింది. తన కంచం కూడా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.