గరిక గూడానా సామీ?

మా మేస్త్రీ పోయాడు. కోసిగి వైపు నుంచి సంతకు ఉల్లిగడ్డల బండి తోలుకొచ్చిన మనిషి, తక్కెడ పట్టుకుని తూస్తూ మాటల్లో మాటగా ఆ సంగతి చెప్పాడు. రాత్రి సంగటి తిని పడుకున్నాడట, తెల్లారి లేవలేదట. అప్పటికే ఎనిమిది రోజులైందట. నేను సంచి అక్కడే మరిచి ఇంటికొచ్చాను. ఉల్లిగడ్డలేవని మా ఆవిడ అడిగితే కసిరాను కూడా. పాపం, ఆవిడ తప్పేముంది!

మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు. గరిక తవ్వే గుంపుకు పెద్ద. నల్లరేగడి సేద్యం చేసినవాళ్ళకు గరిక సంగతి నేను చెప్పనక్కర్లేదు. వినాయకుడికి పెట్టినంతసేపే అది పూజ గడ్డి. చేలో దిగిందంటే రైతు కొంప ముంచుతుంది. నలుగురు మనుషులు ఒక్కసారిగా గడ్డపారలు దించి, మొలలోతు పెల్లలు పెకలించి, వేరువేరూ ఏరి పారేయాలి. ఒక్క కణుపు మిగిలినా మళ్ళీ వానకు చేనంతా అదే. ఆ పనిలో మా మేస్త్రీని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అలాంటి మనిషి తర్వాత ఎన్నో ఏళ్ళు కర్నూల్లో గరికనే పెంచి బతికాడు. అందుకు కారణం నేను. ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా అందుకే.

యుద్ధానికి ముందు మాట. కర్నూలు ఊరి బయట దొరలు గోల్ఫు ఆడుకునే మైదానం ఒకటి ఉండేది. దాని క్లబ్బులో నేను గుమాస్తాగా చేరి వారమైంది. నాన్న పోయాడు. అమ్మా, ముగ్గురు తమ్ముళ్ళూ నా మీదే ఉన్నారు. మైదానమంటే పెద్దగా ఊహించుకోకండి. గులకరాళ్ళ నేల, అక్కడక్కడా తుమ్మ చెట్లు, ఆరు గుంతలు, ఒక్కో గుంత చుట్టూ గుండ్రంగా పరిచిన ఇసుక. కర్రతో కొట్టిన బంతిని చివరికి ఆ గుంతలో పడేయడమే ఆట. అప్పటి దొరకు ఇసుక నచ్చలేదు. ఒక్క గుండ్రంలోనైనా పచ్చిక ఉండాలని తుంగభద్ర ఒడ్డు నుంచి గరిక గడ్డే తెప్పించి, క్లబ్బు వరండా ముందర నాటించి, రెండేళ్ళు నీళ్ళు మోయించి పెంచాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడు వానల్లేక కోసిగి వైపు జనం పనులు వెతుక్కుంటూ వచ్చారు. అలా వచ్చిందే మేస్త్రీ గుంపు. ఆడా మగా కలిసి పన్నెండు మంది. దొర వాళ్ళను పనిలో పెట్టుకుని, తాను క్యాంపుకు పోతూ గుర్రం ఎక్కబోయే ముందు నాతో ఇంగ్లీషులో ఒక మాట చెప్పాడు. నేను దాన్ని తెలుగులో మేస్త్రీకి చేరవేశాను. "ఆ గుండ్రంలో కలుపు లేకుండా చేయమన్నాడు" అన్నాను. మాట సరిగ్గానే చెప్పాను, దేవుడి తోడు. మేస్త్రీ గొంతుక్కూర్చుని ఒక పోచ తుంచి చూశాడు. తల ఎత్తి అడిగాడు.

"గరిక గూడానా సామీ?"

దొర గుర్రం ఇంకా గేటు దాటలేదు. పరుగెత్తితే అందుకోవచ్చు. కానీ ఇంగ్లీషు బాగా వచ్చని చెప్పి చేరినవాణ్ణి, మళ్ళీ పోయి అడిగితే నా పరువేం కాను? అయినా మన దేశంలో కలుపంటే మొట్టమొదట గరికే కదా, ఇంకేముంటుంది! "గూడా" అన్నాను. ఆ ఒక్క ముక్కే నేను చేసిన ఘనకార్యం.

మూడు రోజుల తర్వాత దొర వచ్చేసరికి గుండ్రం అలికిన కళ్ళంలా ఉంది. గడ్డి పోచ కాదు కదా, వేరు మీసం కూడా మిగలలేదు. అంత బాగా తవ్వారు మహానుభావులు! దొర మొహం ఎర్రబడింది. ఉగాదికి మద్రాసు నుంచి పెద్ద దొరలు ఆటకు వస్తున్నారు, ఎవడు చెప్పాడు తవ్వమని, అని గర్జించాడు. ఏమంటున్నాడని మేస్త్రీ నన్నడిగాడు. చెప్పాను. ఆయన నా మొహం కేసి ఒక్క క్షణం చూశాడు.

"నువ్వు సరిగ్గానే చెప్పినావంట. నేనే తప్పు ఇనుకొంటినంట. అట్ల చెప్పు సామీ" అన్నాడు.

నా తప్పును తన మీద వేసుకున్న ఆ మాటను, నేనే నా నోటితో ఇంగ్లీషు చేసి దొరకు వినిపించాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు. దొర కాసేపు బూట్లతో మట్టి తన్ని, ఉగాదికి గుండ్రం పచ్చబడాలి, లేదంటే గుంపు గుంపంతా మూటలు సర్దుకోవాలి అన్నాడు.

ఎందుకు అలా చెప్పావని సాయంత్రం అడిగాను. తవ్విపోసిన వేర్ల కుప్పలో కూర్చుని కణుపులు తుంచుతున్నాడు. "నీ పని పాయనంటే ఇంగోటి దొరకదు సామీ. మాకు తవ్వనీకి భూమి యాడైనా ఉండాది" అన్నాడు. తర్వాత తనలో తాను నవ్వుకున్నాడు. "అయినా గరికకు సావుండాదా? మా తాత కాడినుంచి దాన్ని సంపల్యాక సస్తాండాము."

మాఘం మొదట్లో కణుపులు నాటారు. ఆయన ధీమా అంతా గరిక మొండితనం మీదే. కానీ ఆ ఏడు చలి మరీ మొండిది. శివరాత్రికి శివశివా అంటూ పోవలసిన చలి పోలేదు. ఫాల్గుణం వచ్చినా పొద్దున నోట్లోంచి ఆవిర్లే. నేల ముట్టుకుంటే చల్లగా జిల్లుమనేది. కణుపులు కుళ్ళలేదు, మొలవలేదు, ఊరికే పడి ఉన్నాయి. నేను రోజూ పోయి వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాణ్ణి, ఉగాదికి ఇంకెన్ని రోజులని. మేస్త్రీ మాత్రం తెల్లవారగానే వచ్చి గుండ్రం ముందర కూర్చునేవాడు. ఏం చేస్తున్నావంటే, మొలిచేదానికి దినామూ మొగం చూపిస్తుండాలని చెప్పేవాడు.

జొన్న చొప్ప కప్పుదామని నేనన్నాను. కరువులో గొడ్లకే లేని చొప్ప నేలకు కప్పితే పాపం తగులుతుందన్నాడు. ఆ సాయంత్రం తన కంబళి తెచ్చి గుండ్రం మీద పరిచాడు. అది ఒక మూలకు కూడా చాలలేదు. గుంపులో వాళ్ళు గొణిగారు. మనం వణుకుతూ పడుకుంటే గడ్డి వెచ్చగా పడుకుంటుందా అని ఒక ముసలామె ముక్కు విరిచింది. మరునాడు ఆమె కంబళే అందరికన్నా ముందు వచ్చింది. పన్నెండు కంబళ్ళు చాలలేదు. నేను మా అమ్మను అడిగి మా ఇంట్లో ఉన్న రెండూ పట్టుకుపోయాను. ఎందుకని అమ్మ అడిగింది, చెప్పలేదు. పొద్దుగూకితే కప్పడం, ఎండ ఎక్కితే తీసి దులపడం. మా ఇంట్లో అందరం ఒక్క బొంతలో ముడుచుకుని పడుకున్నాం.

ఒకరోజు దొర పెందలాడే వచ్చాడు. మంచులో తడిసిన కంబళ్ళు చూసి, ఇక్కడెవరు పడుకోమన్నారని కేకేశాడు. పడుకున్నది గడ్డి అని చెప్పాను. దొర ఒక అంచు ఎత్తి చూసి, మళ్ళీ మెల్లగా కప్పి పోయాడు. అటు తర్వాత నాలుగో నాడు మేస్త్రీ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, నేల మీదికి వంచి చూపించాడు. సూది మొనల్లాంటి మొలకలు. అన్నాళ్ళూ గరికను తిట్టిన నోటితోనే ఆ మనిషి దానికి దండం పెట్టాడు. "మా సేన్లో కలుపు, దొర సేన్లో పైరాయె" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

ఉగాదికి గుండ్రం పచ్చబడింది. పల్చగానే, కానీ పచ్చగా. గుంపును వానలదాకా ఉంచుకున్నారు. మేస్త్రీని దొర పోనివ్వలేదు, మిగతా ఐదు గుండ్రాలూ ఆయన చేతనే పెంచించాడు. నిజం చెప్పేస్తానని ఎన్నోసార్లు బయల్దేరాను. మేస్త్రీ ప్రతిసారీ అడ్డం పడేవాడు. మొలిచినాక విత్తనం తవ్వి చూస్తారా అనేవాడు. కాళ్ళ నొప్పులొచ్చి ఊరికి పోయేదాకా అంతే. నేనూ సరే అనుకున్నాను. నాకు అదే కదా సుఖం.

మేస్త్రీ దినం నాటికి వాళ్ళ ఊరు చేరాను. గరిక మేస్త్రీ ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియలేదు. చివరికి ఒకాయన, "సెవిటి మేస్త్రీ ఇల్లా?" అన్నాడు. చెవిటివాడేమిటి, కౌజుపిట్ట నడక వినేవాడు కదా అన్నాను. "ఇనపడక గాదప్పా. కర్నూల్లో దొర మాట తప్పు ఇనుకొని గడ్డంతా పెరికిచ్చినాడంట. ఆ పొద్దు నుంచి అదే పేరు. అట్ల పిలిస్తేనే పలికేటోడు" అన్నాడు.

దొర ముందు ఒక్కసారి ఆడిన అబద్ధం అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆయన దాన్ని ఊరికి కూడా మోసుకుపోయాడు, ఆ పేరుకే పలికాడు.

లోపల ఆయన భార్య ముందు కూర్చుని మొత్తం చెప్పాను. గరిక కూడానా అని ఆయన అడిగిందీ, నేను చెప్పిందీ. "నేను గూడా అట్లే పిలిస్తి సామీ, ఎగతాళికి" అంది ఆమె. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"ఈడ నాకు చెప్తే సాలదు. బయటికి రా."

అరుగు మీద నిలబెట్టింది. దినానికి వచ్చినవాళ్ళంతా వీధిలో ఉన్నారు, ఆ పన్నెండు మందిలో మిగిలినవాళ్ళు కూడా. నేల చూస్తూ చెప్పాను. గోడవార ఎండలో కూర్చున్నవాళ్ళు ఏమంటున్నాడని ఒకరినొకరు అడుగుతున్నారు.

"ఇంగా గట్టిగా సామీ" అంది ఆమె.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, వీధి చివరిదాకా వినపడేలా.